డంపర్ ట్యాంకులో మొక్కల నూనె: ఎంత, ఎవరికి?

(బసంత్‌నగర్‌లో చేసిన స్మారక ఉపన్యాసం, అచ్చు ప్రతి)



ఈ ఉపన్యాసానికి నిధి పెట్టిన కుటుంబం నిర్వాహకులను ఒక్కటే కోరింది. తమ తండ్రి పేరు వేదిక మీద గానీ, అచ్చులో గానీ రావద్దన్నారు. ఓపెన్‌కాస్ట్ వర్క్‌షాపులో మెకానిక్‌గా చేరి ఫోర్‌మన్‌గా దిగిపోయిన మనిషి ఆయన. ఎరిగినవాళ్ళు ఈ హాల్లో సగం మంది ఉన్నారు. ఎరగనివాళ్ళకు పేరు చెప్పినా ఒరిగేదేం లేదు. ఆయనకు ఇంజన్లంటే ప్రాణం, ఉపన్యాసాలంటే చిరాకు. పొగడ్తలు మొదలైతే లేచి బయటికి పోయే రకం. అందుకని నేరుగా పనిలోకి దిగుతాను.

నాకిచ్చిన విషయం, మొక్కల నూనెను హైడ్రోజన్‌తో మార్చి తయారుచేసే డీజిల్. బయటి ప్రపంచం హెచ్‌వీఓ అంటోంది, రెన్యువబుల్ డీజిల్ అని కూడా అంటారు. దీన్ని మాట్లాడుకోవడానికి బసంత్‌నగర్ సరైన చోటే. 1969లో కేశోరామ్ సిమెంటు మొదలైనప్పటి నుంచి ఇక్కడి బతుకు డీజిల్‌తో ముడిపడి ఉంది. 2025లో ఆ సిమెంటు అల్ట్రాటెక్ చేతికి పోయింది గానీ, గేటు ముందు లారీల వరస మారలేదు. రాజీవ్ రహదారి మీద సిమెంటు లారీలు, ఎన్టీపీసీ బూడిద ట్యాంకర్లు, బొగ్గు టిప్పర్లు. అటు గోదావరిఖని వైపు పోతే ఓపెన్‌కాస్ట్ గనుల్లో రాత్రింబవళ్ళు తిరిగే డంపర్లు, డోజర్లు. సింగరేణి 2023-24లో తవ్విన బొగ్గు 7 కోట్ల టన్నులు దాటింది. అందులో ఎక్కువ భాగం ఓపెన్‌కాస్టుదే. ఒక టన్ను బొగ్గు బయటికి రావాలంటే అయిదారు ఘనపు మీటర్ల మట్టీ రాయీ ఎత్తిపోయాలి. షావళ్ళు, డ్రాగ్‌లైన్ కరెంటుతో నడుస్తాయి, కానీ ఆ మట్టీ రాయీని, మన భాషలో ఓబీని, గుట్ట మీదికి చేర్చేది డీజిల్.

కాలేజీలో రసాయనశాస్త్రం చెప్పుకుని బతికినవాణ్ని నేను. ఏటా ఒకడైనా లేచి అడిగేవాడు: "సార్, డీజిల్ బండిల మంచినూనె పోస్తే నడుస్తదా?" క్లాసంతా నవ్వేది. నడుస్తది. ఈ ప్రశ్న డీజిల్ ఇంజనంత పాతది. 1900లో ప్యారిస్ ప్రదర్శనలో ఓట్టో కంపెనీ వాళ్ళు ఒక చిన్న డీజిల్ ఇంజన్ను పల్లినూనెతో నడిపి చూపించారు. ఇంజన్ను మార్చకుండానే నడిపారని, చూసినవాళ్ళు చాలామంది గమనించను కూడా లేదని రుడాల్ఫ్ డీజిల్ తర్వాత రాశాడు. ఏటా ఆగస్టు 10న ప్రపంచ జీవ ఇంధన దినం జరుపుతూ, 1893లో అదే రోజున ఆయన పల్లినూనెతో ఇంజన్ నడిపాడని మన సభల్లో చెబుతుంటారు. ఆ తేదీన ఆగ్స్‌బర్గ్‌లో ఆయన తొలి ఇంజన్‌లో ఇంధనం మొదటిసారి మండిన మాట వాస్తవమే. పల్లినూనె ముచ్చట మాత్రం ఏడేళ్ళ తర్వాతిది. మంత్రుల ప్రసంగాలు రాసేవాళ్ళు ఈపాటి సవరణ చేసుకుంటే బాగుంటుంది.

నడవడం వేరు, పదేళ్ళపాటు నడవడం వేరు. మొక్కల నూనె డీజిల్ కన్నా చాలా చిక్కన. ఇంజెక్టర్ దాన్ని సన్నటి తుంపరగా చిమ్మలేదు. సగం కాలిన నూనె నాజిల్ కొన మీద నల్లగా పేరుకుంటుంది, రింగులు పట్టేస్తాయి, ఇంజనాయిలు గట్టిపడుతుంది. నిలకడగా, నింపాదిగా తిరిగే జనరేటర్ ఇంజన్లయితే కొంత ఓర్చుకుంటాయి. బెంగళూరు ఐఐఎస్‌సీకి చెందిన ఉడుపి శ్రీనివాస మన ఆదిలాబాద్ ఏజెన్సీలో, చల్బరిడి అనే ఊళ్ళో, కానుగ నూనెతో జనరేటర్ నడిపి దీపాలు వెలిగించింది ఈ దారిలోనే. కరెంటు తీగ రాని గూడేనికి అది గొప్ప సంగతి. హాల్ రోడ్డు మీద నిండు లోడుతో ఎత్తెక్కే డంపర్‌కు మాత్రం పనికిరాదు.

రెండో దారి బయోడీజిల్. నూనెలో మిథనాల్, కొంచెం క్షారం వేసి వేడిచేస్తే గ్లిజరిన్ విడిపోయి అడుగుకు దిగుతుంది, పైన పల్చటి ఇంధనం తేలుతుంది. చిన్న షెడ్డులో కూడా చేయవచ్చు, అదే దాని బలం. 2002 డిసెంబరు 31న ఢిల్లీ-అమృత్‌సర్ శతాబ్ది ఎక్స్‌ప్రెస్‌ను 5 శాతం బయోడీజిల్ కలిపి నడిపారు. చౌటుప్పల్ ప్రాంతంలో సదరన్ ఆన్‌లైన్ బయో టెక్నాలజీస్, కాకినాడలో నాచురాల్, యూనివర్సల్ బయోఫ్యూయల్స్ ఫ్యాక్టరీలు పెట్టాయి. మన ఆర్టీసీ బస్సుల్లోనూ డీజిల్‌లో కలిపి నడిపిన రోజులున్నాయి.

దాని బలహీనత దాని అణువులోనే ఉంది. బరువులో పదోవంతుకు పైగా ఆక్సిజనే. అందువల్ల తేమను పీల్చుకుంటుంది, నిలవుంటే పాడవుతుంది. ఇక్కడ మన ఫోర్‌మన్ గారిని తలచుకోవాలి. రిటైరయ్యాక ఆయన ఒక ప్రైవేటు లారీ షెడ్డులో సాయంత్రాలు కూర్చునేవారు. మార్చేసిన డీజిల్ ఫిల్టర్లను పారెయ్యనిచ్చేవారు కాదు. హ్యాక్సా బ్లేడుతో రేకు కోసి, లోపలి కాగితపు మడతలు విప్పి, తేదీ సుద్దముక్కతో రాసి గోడ వారన పేర్చేవారు. ఒక వానాకాలం ఎక్కడిదో చవక బయోడీజిల్ పోసిన లారీల ఫిల్టర్లు నాకు చూపించారు. మడతల సందుల్లో గోధుమరంగు జిగురు, గోళ్ళతో గీకితే తీగలా సాగింది. ట్యాంకు అడుగున నీరు చేరి, ఆ నీటికీ నూనెకూ మధ్య బూజు పెరిగిందన్నమాట. "మందు మంచిదే, సీసా కడగలే," అన్నారాయన. నాణ్యంగా చేసి, తొందరగా వాడేస్తే బయోడీజిల్‌తో ఇబ్బంది లేదు. మన బీఎస్-6 డీజిల్ ప్రమాణం కూడా 7 శాతం దాకా కలపనిస్తుంది. అంతకు మించి పోవాలంటేనే తయారీదారులు వెనకాడతారు.

మూడో దారి హైడ్రోజన్‌ది. నూనెకు హైడ్రోజన్ పట్టించడం మన వంటింటికి కొత్త కాదు, డాల్డా అట్లా వచ్చిందే. కానీ డాల్డాలో జరిగేది సగం పని. నూనె అణువులోని జంట బంధాల్లో కొన్నింటిని హైడ్రోజన్‌తో నింపి గడ్డకట్టిస్తారు, అణువు ఆకారం అట్లాగే ఉంటుంది. హెచ్‌వీఓలో అణువునే విరగ్గొడతారు. 300 డిగ్రీలు దాటిన వేడి, పదుల రెట్ల వాతావరణ పీడనం, నికెల్-మాలిబ్డినం ఉత్ప్రేరకం. ఆ స్థితిలో హైడ్రోజన్ వెళ్ళి నూనెలోని ఆక్సిజన్‌ను నీరుగా లాగేస్తుంది, కొంత కార్బన్ డయాక్సైడ్‌గానూ పోతుంది. మూడు తోకలను పట్టి ఉంచిన గ్లిజరిన్ వెన్నెముక ప్రొపేన్‌గా మారుతుంది, మన గ్యాస్ సిలిండర్లో ఉండే వాయువుల్లో అదొకటి. మిగిలిన తోకలు తిన్నటి హైడ్రోకార్బన్ గొలుసులు. చలికి గడ్డకట్టకుండా వాటికి రెండో దశలో కొమ్మలు వేయిస్తారు. నూరు కిలోల నూనెకు మూడు, నాలుగు కిలోల హైడ్రోజన్ పడుతుంది, 80 కిలోల పైచిలుకు డీజిల్ వస్తుంది.

వచ్చేది దేనితో చేసినా ఒక్కటే. కానుగతో చేశారో, పామాయిలుతో చేశారో, బజ్జీలు కాల్చిన నూనెతో చేశారో ఇంజన్‌కు తెలియదు. గంధకం లేదు, ఆరోమాటిక్స్ లేవు, ఆక్సిజన్ లేదు. తేమ పీల్చదు, ఏళ్ళు నిలవుంటుంది. సీటేన్ 70 దాటుతుంది, మన బంకు డీజిల్‌కు 51 ఉంటే చాలు. అంటే చల్లటి పొద్దున సెల్ఫ్ కొట్టగానే తెల్ల పొగ కక్కకుండా అందుకుంటుంది. లోపాలు లేకపోలేదు. లీటరు బరువు 780 గ్రాముల దగ్గర, మన డీజిల్‌ది 820 పైన. అందుకని లీటరుకు 5 శాతం దాకా శక్తి తక్కువ, ఆ మేరకు ఎక్కువ తాగుతుంది. పాత ఇంజన్లలో ఏళ్ళ తరబడి డీజిల్‌లోని ఆరోమాటిక్స్ పీల్చి ఉబ్బిన రబ్బరు సీళ్ళు ఈ ఇంధనం తగలగానే ముడుచుకుంటాయి, లీకులు మొదలవుతాయి. ఓ సెట్టు సీళ్ళు మారిస్తే సరి. జారుడు గుణానికి కొంత మందు కలపాలి.

ఫిన్లాండ్‌లో నెస్తె కంపెనీ 2007లో పోర్వోలో దీని ఫ్యాక్టరీ తెరిచింది. 2010లో సింగపూరులో, 2011లో రోటర్‌డామ్‌లో పెద్దవి కట్టింది. మన దేశం కూడా ఈ రసాయనంలో వెనకేం లేదు. 2018 ఆగస్టు 27న డెహ్రాడూన్ నుంచి ఢిల్లీకి స్పైస్‌జెట్ విమానం ఎగిరింది గుర్తుందా? అందులో కలిపిన ఇంధనం డెహ్రాడూన్‌లోని పెట్రోలియం పరిశోధన సంస్థ ఐఐపీ శాస్త్రవేత్తలు ఛత్తీస్‌గఢ్ అడవి ఆముదం నూనెకు హైడ్రోజన్ పట్టించి చేసిందే. డీజిల్‌కు బదులు ఇంకొంచెం పల్చన చేస్తే విమాన ఇంధనం. ఫ్యాక్టరీ ఒకటే, నూనె ఒకటే. ఈ మాట మనసులో ఉంచుకోండి, మళ్ళీ పని పడుతుంది.

ఇక గనుల సంగతి. కాలిఫోర్నియాలో బోరాన్ అనే ఊరి దగ్గర రియో టింటో కంపెనీకి బోరాక్స్ ఓపెన్‌కాస్ట్ గని ఉంది. 2023లో అక్కడి డంపర్లు, లోడర్లు అన్నింటినీ పెట్రోలియం డీజిల్ మాన్పించి పూర్తిగా ఈ ఇంధనం మీదికి మార్చారు. ఇంజన్లు మార్చలేదు, ట్యాంకులు మార్చలేదు. కాబట్టి "మన డంపర్లకు పడుతుందా" అనే ప్రశ్నకు జవాబు దొరికినట్టే. మరి మనమెందుకు మార్చకూడదు? అక్కడ ఆ ఇంధనం వాడితే రాష్ట్రం క్రెడిట్లు ఇస్తుంది, ధర తేడాను అవి పూడుస్తాయి. ఆ ఆసరా లేని చోట అది మామూలు డీజిల్ కన్నా బాగా ఖరీదు. డబ్బు సంగతి పక్కన పెట్టండి, ప్రభుత్వం తలచుకుంటే సర్దుతుంది. అసలు చిక్కు నూనె.

ఉట్నూరు ఏజెన్సీలో పవర్‌గూడ అనే గోండు గూడెం ఉంది. అక్కడి మహిళా సంఘాలు కానుగ మొక్కలు నాటాయి, గింజ ఆడే మిల్లు నడిపాయి. ఇక్రిశాట్ వాళ్ళు వెన్నంటి ఉన్నారు. ఆ నూనె డీజిల్‌కు బదులుగా వాడితే పదేళ్ళలో 147 టన్నుల కార్బన్ డయాక్సైడ్ తగ్గుతుందని లెక్కగట్టి, 2003 అక్టోబరులో ప్రపంచ బ్యాంకు ఆ సంఘాలకు 645 డాలర్లు చెల్లించింది. వాషింగ్టన్‌లో తాము పెట్టుకున్న సభకు వచ్చిపోయినవాళ్ళ విమానాల పొగకు పరిహారమట. గూడెం ఆడవాళ్ళు ప్రపంచ బ్యాంకుకు కార్బన్ అమ్మారని పత్రికలన్నీ రాశాయి. గర్వపడాల్సిందే, నేనూ పడ్డాను.

ఆ 147 టన్నులను మన కొలతలోకి తెచ్చి చూద్దాం. లీటరు డీజిల్ కాలితే సుమారు 2.7 కిలోల కార్బన్ డయాక్సైడ్. అంటే పవర్‌గూడ పదేళ్ళ నూనె ఇంచుమించు 55 వేల లీటర్ల డీజిల్‌కు సమానం. నూరు టన్నుల డంపర్ గంటకు 50 లీటర్లు తాగడం మామూలే. రోజుకు 15 గంటలు తిరిగితే 750 లీటర్లు. ఒక ఊరి ఆడవాళ్ళు పదేళ్ళు ఏరి, ఎండబెట్టి, కొట్టి, ఆడించే నూనె ఒక్క డంపర్‌కు రెండున్నర నెలలు వస్తుంది.

దేశం లెక్క కూడా ఇట్లాగే ఉంటుంది. ఏడాదికి మనం కాల్చే డీజిల్ దాదాపు 9 కోట్ల టన్నులు. వాడే వంటనూనె రెండున్నర కోట్ల టన్నుల పరిసరాల్లో, అందులో సగానికి పైగా దిగుమతే. ఒక్క చుక్క కూడా కూరలో పడకుండా మొత్తం తీసుకెళ్ళి హైడ్రోజన్ పట్టించినా, వచ్చే డీజిల్ మన అవసరంలో నాలుగో వంతు కాదు. పప్పులో పోపు మానుకుని లారీలు నడుపుకుందామని ఎవరూ అనరనుకుంటాను. అయినా అశ్వారావుపేట, దమ్మపేటల్లో పామాయిల్ తోటలు చూసి "ఇక డీజిల్ కూడా మన చేలల్లోనే" అని రాసేవాళ్ళున్నారు. ఆ తోటలు పెంచుతున్నది దిగుమతి బిల్లు తగ్గించి మన పొయ్యి మీదికి నూనె తేవడానికి. ఇండోనేషియా, మలేషియాలలో అడవులు నరికి పామాయిల్ వేస్తే ఏమైందో చూసే యూరప్ దాన్ని 2030 నాటికి ఇంధనాల లెక్కలోంచి తీసేయాలని నిర్ణయించుకుంది.

ఇంతకుముందు మనం ఒకసారి తిన్న దెబ్బ ఉండనే ఉంది. 2003లో ప్రణాళికా సంఘం కమిటీ 2011-12 నాటికి డీజిల్‌లో 20 శాతం బయోడీజిల్ అంది. అడవి ఆముదం బీడుభూముల్లో నీళ్ళు లేకుండా కాస్తుందన్నారు. ఉపాధి హామీ పనుల్లో గుంతలు తీయించారు, నర్సరీలు పెట్టించారు. చెట్టు బతికింది, నిజమే, మేక కూడా ముట్టలేదు. కాయే రాలేదు. నీళ్ళూ ఎరువూ పెడితే కాస్తుంది, కానీ అవి పెట్టగలిగే రైతు పత్తి వేసుకుంటాడు గానీ అడవి ఆముదం ఎందుకు వేస్తాడు? గింజ ఏరే కూలి గింజ ధరను మించింది. ఫ్యాక్టరీలకు ముడిసరుకు లేకపోయింది. కాకినాడలో యూనివర్సల్ వాళ్ళు నిలదొక్కుకున్నది పామ్ స్టియరిన్, తర్వాత జంతు కొవ్వు ఆధారంగా. 2009 విధానం 2017 నాటికి 20 శాతం అంది, 2018 విధానం 2030 నాటికి 5 శాతానికి దిగింది. ఇన్నేళ్ళలో కలిపింది ఒక శాతానికి చేరలేదు.

కాబట్టి ఈ ఇంధనం గురించి అడగవలసిన ప్రశ్న "నడుస్తదా" కాదు, "ఎవరికి ముందు" అన్నది. రేషన్ సరుకును పంచినట్టే పంచాలి. లైనులో ముందు నిలబడ్డది విమానాలు. అంతర్జాతీయ విమానాల ఇంధనంలో 2027లో 1 శాతం, 2028లో 2 శాతం, 2030లో 5 శాతం జీవ ఇంధనం కలపాలని కేంద్రం అంటోంది. ఇండియన్ ఆయిల్ పానిపట్ రిఫైనరీ 2025లో వాడేసిన వంటనూనెతో విమాన ఇంధనం చేయడానికి సర్టిఫికెట్ తెచ్చుకుంది. ఏడాదికి 35 వేల టన్నులట. ఫ్యాక్టరీ ఒకటే, నూనె ఒకటే అన్నాను కదా. హోటళ్ళ నూనె విమానమెక్కితే లారీకి దొరకదు. వాయుదూత్ రోజుల తర్వాత మన బసంత్‌నగర్ ఎయిర్‌స్ట్రిప్ మీద గడ్డి మొలిచింది గానీ, ఆకాశంలో పోయేవాళ్ళు మన బజ్జీల నూనెకు పోటీకి వచ్చేశారు!

ఈ క్యూలో ఎవరు తప్పుకోవాలి? కార్లు, ఆటోలు, సిటీ బస్సులు బ్యాటరీ మీదికి పోతున్నాయి, పోనివ్వాలి. రైలుకు తీగ ఉంది. సిమెంటు లారీ కూడా ఫిక్సుడు రూట్లో తిరిగేదైతే రేపోమాపో బ్యాటరీకి మారుతుంది. మిగిలేవి మొండి కేసులు. గోతిలోంచి నిండు బరువుతో ఎక్కే పెద్ద డంపర్, తీగ ఈడ్చుకు తిరగలేని డోజర్, కరెంటు పోతే భూగర్భ బాయిలో నీళ్ళు తోడే పంపుకూ ఆసుపత్రి ఐసీయూకూ ఉన్న జనరేటర్. ఈ జనరేటర్లు ఏడాదికి కొద్ది గంటలే తిరుగుతాయి, ఇంధనం నెలల తరబడి ట్యాంకులో నిద్రపోతుంది. నిలవుండే గుణం ఉన్న ఇంధనం అక్కడే కదా కావాలి.

ఇక్కడ ఒక సూటి ప్రశ్న వేస్తారు, వేయాలి కూడా. బొగ్గు తవ్వేవాళ్ళు డీజిల్ మార్చి ఏం ఉద్ధరిస్తారు? ఒక టన్ను బొగ్గు ఎన్టీపీసీ బాయిలర్లో కాలితే టన్నుకు మించి కార్బన్ డయాక్సైడ్ వస్తుంది. దాన్ని తవ్వడానికి కాల్చిన డీజిల్ వాటా దాని ముందు పిసరంత. ఒప్పుకుంటాను. సింగరేణి డంపర్లలో ఆకుపచ్చ ఇంధనం పోసి బొగ్గుకు పచ్చరంగు పూస్తామంటే నేనే మొదట నవ్వుతాను. నా వాదన వాతావరణం గురించి కాదు, ఊపిరితిత్తుల గురించి.

2012 జూన్‌లో ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ పరిశోధనా విభాగం డీజిల్ పొగను మనుషులకు క్యాన్సర్ తెచ్చేవాటి మొదటి జాబితాలో చేర్చింది. ఆ నిర్ణయానికి ఆధారంగా నిలిచిన పెద్ద అధ్యయనాల్లో ఒకటి అమెరికా గని కార్మికుల మీద జరిగినదే. మన దగ్గర ఎవరు పీలుస్తున్నారు ఆ పొగ? ఏసీ కేబిన్లో కూర్చున్న ఆపరేటర్ కొంత నయం. షిఫ్టు మారే వేళ వరసగా ఐడ్లింగ్‌లో నిలబెట్టిన డంపర్ల పక్కనుంచి నడిచిపోయేవాళ్ళు, వర్క్‌షాపులో రేకుల కప్పు కింద ఇంజన్ రేజ్ చేయించి చెవి పెట్టి వినే ఫిట్టర్లు, బౌజర్ మీద నిలబడి డీజిల్ పట్టే హెల్పర్లు, లాంగ్‌వాల్ బాయిల్లో షీల్డులు మోసే డీజిల్ బండ్ల వెనక నడిచేవాళ్ళు. మన ఫోర్‌మన్ గారు ఆఖరి ఏళ్ళలో మెట్లెక్కితే మధ్యలో ఆగేవారు. సిగరెట్ ముట్టని మనిషి. కారణం ఫలానా అని నేను చెప్పలేను, డాక్టర్లూ చెప్పలేదు.

హెచ్‌వీఓలో ఆరోమాటిక్స్ లేవు కాబట్టి మసి తక్కువ. పాత ఇంజన్లలో ఈ తేడా బాగా కనిపిస్తుంది, మంచి ఫిల్టర్లున్న కొత్త ఇంజన్లలో స్వల్పం. మన షెడ్లలో పాతవి ఎన్ని ఉన్నాయో నాకన్నా మీకే బాగా తెలుసు. దుమ్ముకు మాత్రం ఇది మందు కాదని గట్టిగా చెప్పాలి. హాల్ రోడ్డు దుమ్ముకు నీళ్ళ ట్యాంకరే దిక్కు. ఇంధనం మార్చామని ట్యాంకర్ ట్రిప్పులు తగ్గిస్తే ఉన్నదీ పోతుంది.

మరి ఈ ఇంధనం చేయడానికి హైడ్రోజన్ ఎక్కడిది? ఈ నేలకు అది పాత చుట్టమే. 1980లో ఉత్పత్తి మొదలుపెట్టి 1999లో మూతపడ్డ మన ఎఫ్‌సీఐ ఎరువుల ఫ్యాక్టరీ, బొగ్గును గ్యాస్‌గా మార్చి అందులోని హైడ్రోజన్‌తో అమ్మోనియా చేసింది. అదే స్థలంలో 2021లో మొదలైన ఆర్‌ఎఫ్‌సీఎల్ సహజవాయువుతో రోజుకు 2,200 టన్నుల అమ్మోనియా చేయగలదు. 17 పాళ్ళ అమ్మోనియాలో 3 పాళ్ళు హైడ్రోజన్. లెక్కగడితే రోజుకు 388 టన్నులు. రోజుకు 100 టన్నుల నూనెను మార్చే ఫ్యాక్టరీకి కావలసింది మూడు, నాలుగు టన్నులు, అంటే అందులో నూటికి ఒకటి. రైతు యూరియాలో కోత పెట్టమనడం లేదు, కొలత తెలియాలని చెబుతున్నాను. సహజవాయువుతో చేసిన హైడ్రోజన్ కిలోకు తొమ్మిది, పది కిలోల కార్బన్ డయాక్సైడ్ వెంట తెస్తుంది. టన్ను నూనెకు 35 కిలోలు వాడితే మూడొందల కిలోల పైచిలుకు. ఆ నూనె తప్పించే డీజిల్ పొగ రెండున్నర టన్నులు. ఇది మోయదగ్గ బరువే. ఎన్టీపీసీ రిజర్వాయర్ మీద తేలే 100 మెగావాట్ల సోలార్ లాంటి వాటితో నీటిని చీల్చి హైడ్రోజన్ చేస్తే ఆ బరువూ దిగుతుంది.

అంతమాత్రాన రామగుండంలో రేపే ఫ్యాక్టరీ పెట్టమని అనను. అంత పీడనంతో నడిచేది చిన్నదిగా పెడితే గిట్టదు, పెద్దదిగా పెడితే నూనె చాలదు. దగ్గరి దారి ఒకటుంది. విశాఖ హెచ్‌పీసీఎల్ లాంటి రిఫైనరీల్లో డీజిల్‌లోని గంధకం తీయడానికి హైడ్రోజన్ యూనిట్లు ఇప్పటికే ఉన్నాయి. అటువంటి యూనిట్లోకి ముడి డీజిల్‌తో పాటు 5 శాతం దాకా నూనె కలిపి పంపే పద్ధతి విదేశీ రిఫైనరీల్లో వాడుకలో ఉంది. మనం చేయాల్సింది నూనె పోగుచేసి పంపడం, లెక్కగా ఇంధనం తెచ్చుకోవడం.

నూనె అంటే ఏ నూనె? కూరలోది కాదు, కూర అయిపోయాకది. పదే పదే కాచిన నూనెలో పోలార్ సమ్మేళనాలు 25 శాతం దాటితే వాడకూడదని 2018 జూలై నుంచి ఆహార భద్రతా సంస్థ నియమం. రూకో అని పథకం పెట్టి ఆ నూనెను బయోడీజిల్‌కు మళ్ళించమంది. ఆచరణలో? గోదావరిఖని చౌరస్తా నుంచి బసంత్‌నగర్ స్టేజీ దాకా బజ్జీల బండ్ల దగ్గర సాయంత్రం నిలబడి చూడండి. నల్లబడ్డ నూనె మీదే కొత్త ప్యాకెట్ కోసి పోస్తారు. పెద్ద హోటల్లో మిగిలిన డబ్బా చిన్న బండికి అమ్ముడవుతుంది. ఆ నూనె డంపర్‌లోకి పోతే పొగ తగ్గేది తర్వాత మాట, ముందు మన పిల్లల కడుపులోకి పోవడం ఆగుతుంది.

దానికి తోడు కానుగ. ఓబీ గుట్టల మీద పచ్చదనం కోసం ఏటా మొక్కలు నాటుతూనే ఉన్నారు. కానుగ పప్పుజాతి చెట్టు, గాలిలోని నత్రజనిని వేళ్ళలో పట్టుకుంటుంది, రాతి మట్టిలోనూ నిలబడుతుంది. గింజలో మూడో వంతు దాకా నూనె, అదీ తినేది కాదు, కాబట్టి ఎవరి పళ్ళెంలోదీ లాక్కోము. పిండి పొలానికి ఎరువు. కాతకు అయిదారేళ్ళు పడుతుంది, కాపు చెట్టు చెట్టుకూ తేడా. మంచి కాపు చెట్ల అంట్లు తెచ్చి పెడితేనే ఫలితం. వట్టి గింజ చల్లి వదిలేస్తే అడవి ఆముదం కథే మళ్ళీ. ఒక్క డంపర్‌కు రెండున్నర నెలల లెక్క విన్నారు కాబట్టి, గుట్టలన్నీ కానుగ వేసినా గని మొత్తం నడవదని మీకు చెప్పక్కర్లేదు. వర్క్‌షాపు బండ్లకూ భూగర్భ గనుల బండ్లకూ సరిపోతే చాలు, ఊపిరి పీల్చేవాళ్ళకు అక్కడే మేలు.

సింగరేణి యాజమాన్యానికీ గుర్తింపు సంఘానికీ ఈ వేదిక మీంచి నా విన్నపం ఒకటే. ఒక వర్క్‌షాపు, ఒక భూగర్భ గని ఎంచుకోండి. అక్కడి డీజిల్ బండ్లను ఒక వానాకాలం, ఒక ఎండాకాలం ఈ ఇంధనంతో నడిపించండి. ముందూ తర్వాతా గాలిలో మసి కొలవండి. అక్కడ పనిచేసేవాళ్ళకు కంపెనీ వైద్య పరీక్షలో (పీఎంఈలో) ఊపిరితిత్తుల పరీక్ష విడిగా పెట్టి, ఆ ఫలితం వాళ్ళ చేతికివ్వండి. మార్చిన ఫిల్టర్లు పారెయ్యకుండా కోసి చూడండి. లీటరు ఖర్చు, సీళ్ళ ఖర్చు, మసి లెక్క అన్నీ తెలుగులో రాసి మస్టర్ దగ్గర నోటీసు బోర్డు మీద అంటించండి. లాభం లేదని తేలితే అదీ రాయండి. ఆలోగా కంపెనీ క్యాంటీన్లు, గెస్ట్‌హౌస్‌లు, ఆసుపత్రి వంటగదులు తమ పాత నూనెను బయట అమ్మడం మాని, రూకో కింద నమోదైన సేకరణదారులకు మాత్రమే రసీదు తీసుకుని ఇవ్వాలి. దీనికి బడ్జెట్ అక్కర్లేదు, ఒక సర్క్యులర్ చాలు. ఈ నెలలోనే ఇవ్వవచ్చు.